మంచు మీద చచ్చిన బాతు దగ్గర రెండు గంటలు

డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికా మధ్య రాష్ట్రాల్లో బాల్డ్ ఈగల్ అనే తెల్ల తల గద్దను చూడాలని బయలుదేరేవాళ్లు చాలామంది చెట్ల కొమ్మల వైపే చూస్తారు. తెల్ల తల కనబడగానే కారు ఆపి, ఫొటో తీసుకుని, ఇంకో చెట్టు వెతుక్కుంటూ పోతారు. ఒక పూటలో ఇరవై గద్దలు కనిపించవచ్చు. ఒక్కటీ కొమ్మ మీంచి కదలదు. అలా కూర్చునే ఉంది, ఇంకేం చూస్తాం అనుకుంటూ ఇంటికొస్తారు. ఈ తిరుగుడంతా దండగని నా గట్టి అభిప్రాయం. గడ్డకట్టే చెరువు దగ్గర గద్దల వెంట పడక్కర్లేదు. మంచు మీద చచ్చిపడి ఉన్న బాతునొకదాన్ని వెతికి పట్టుకుని, దానికి తగినంత దూరంలో కారు ఆపి, రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. గద్దలు, కాకులు, చిన్న తోడేళ్లలా ఉండే కాయోటీలు, నీటి ఒడ్డున తిరిగే గల్ పక్షులు అన్నీ దాని దగ్గరికే వస్తాయి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి నోటి దగ్గరిది ఎవరు లాక్కుంటారు అనేదంతా అక్కడే తేలుతుంది.

ఇక్కడ చెప్పే వివరాలు మిస్సోరీ రాష్ట్రపు వాయవ్య మూల, మౌండ్ సిటీ పక్కనున్న లోయెస్ బ్లఫ్స్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయానివి. 1935లో ఏర్పాటైంది. 2017 దాకా దాని పేరు స్క్వా క్రీక్. విస్తీర్ణం సుమారు 7,400 ఎకరాలు. కాన్సాస్ సిటీ నుంచి ఐ-29 హైవే మీద ఉత్తరానికి గంటన్నర ప్రయాణం, ఒమాహా నుంచి దక్షిణానికీ దాదాపు అంతే. కాబట్టి కాన్సాస్ సిటీ శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లోనో ఒమాహాలోనో ఉండే తెలుగు కుటుంబానికి తెల్లవారుజామున లేస్తే సూర్యోదయానికి చేరుకోగలిగే చోటు. లోపల చెరువు గట్ల మీదుగా 10 మైళ్ల కంకర రోడ్డు ఉంది, కారు దిగకుండానే చుట్టిరావచ్చు. వలస కాలంలో ఇక్కడికి స్నో గూస్ అనే తెల్ల బాతులు లక్షల్లో దిగుతాయి. కొన్ని సంవత్సరాల్లో ఒకేసారి పది లక్షలు దాటాయి. వాటి వెనకే బాల్డ్ ఈగల్స్ వందల్లో వస్తాయి.

గద్ద కంటే ముందు నీటిని చదవడం నేర్చుకోవాలి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే సాంద్రంగా ఉంటుంది. చెరువు మొత్తం ఆ 4 డిగ్రీలకు దిగేదాకా పైన చల్లబడిన నీరు కిందికి మునుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే పైపొర పైనే నిలిచి, సున్నాకు చేరి, గడ్డకడుతుంది. లోతు తక్కువైతే ఈ పని త్వరగా ముగుస్తుంది. లోయెస్ బ్లఫ్స్ మడుగులు లోతులేనివి. మబ్బు లేక, గాలి లేక, చలి బాగా దిగిన ఒక్క రాత్రి చాలు, తెల్లారేసరికి గాజు పొర పరుచుకుని ఉంటుంది. కాన్సాస్ సిటీకి ఉత్తరాన ఉన్న స్మిత్‌విల్ లాంటి పెద్ద రిజర్వాయరు అదే చలికి ఇంకా తెరిచే ఉంటుంది. గాలి వీస్తే లెక్క మారుతుంది. అలలు పల్చటి పొరను విరిచి ఒక ఒడ్డుకు తోసేస్తాయి, రెండో వైపు నీరు తెరిచి ఉంటుంది. అందుకే వెళ్లేముందు రోజు ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, రాత్రి గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీచిందో కూడా చూడాలి.

పొర కట్టిన తర్వాత బాతులే నీటిని తెరిచి ఉంచుతాయి. వేల బాతులు ఒకే చోట గుమిగూడి ఈదుతూ, కాళ్లు కొట్టుకుంటూ ఉంటే కింది వెచ్చటి నీరు పైకి కలిసి అక్కడ గడ్డకట్టదు. చుట్టూ తెల్లటి మంచు, నడుమ నల్లటి నీటి గుండ్రం. చలి కొనసాగే కొద్దీ ఆ గుండ్రం చిన్నదవుతుంది. బాతులు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరవుతాయి, సగం మంచు అంచు మీద నిలబడతాయి. నాలుగైదు రోజులు పగలు కూడా సున్నా దాటకపోతే గుండ్రం మూసుకుపోతుంది, మంద దక్షిణానికి వెళ్లిపోతుంది. చూడటానికి అన్నిటికంటే మంచి రోజులు గుండ్రం కుదించుకుపోయే ఆ రెండు మూడు రోజులే. ముందు వెళితే జీవులు చెరువంతా చెల్లాచెదురుగా ఉంటాయి. ఆలస్యంగా వెళితే మిగిలేవి ఎముకలు.

బాల్డ్ ఈగల్ చేపలు తినే పక్షి. నీటి పైపొరకు వచ్చిన చేపను కాళ్లతో ఎత్తుకుపోవడం దాని అసలు విద్య. మంచు పరుచుకోగానే ఆ తలుపు మూసుకుంటుంది. కాళ్లూ, ముక్కూ, రెక్కలూ అవే, చేప మాత్రం అందదు. రోజుకు దానికి కావలసింది పావు కిలో నుంచి అర కిలో మాంసం. గొంతు కింద సంచిలో దాదాపు కిలో దాకా నింపుకోగలదు కాబట్టి ఒక రోజు బాగా తింటే మరుసటి రోజు ఖాళీగా ఉన్నా గడుస్తుంది. మీకు విసుగు పుట్టించిన ఆ కూర్చోవడం సోమరితనం కాదు, ఖర్చు తగ్గించుకోవడం. ఎగరడం చలికాలంలో చాలా ఖరీదైన పని. ఎండ తగిలే కొమ్మ, గాలి తగలని వైపు, కింద ఏం జరుగుతోందో కనబడే ఎత్తు, ఈ మూడూ చూసుకునే గద్ద కూర్చుంటుంది. అది ఎటు తల తిప్పి చూస్తోందో బైనాక్యులర్‌తో గమనించి, ఆ చూపు పోయే వైపు వెతకండి. చచ్చిన బాతు ఎక్కడుందో చాలాసార్లు గద్దే చూపిస్తుంది.

ఇప్పుడు మంద లేచే క్షణం. ఒక గద్ద చెట్టు మీంచి దిగి గుండ్రం మీదుగా తాపీగా ఎగురుతుంది. లక్ష బాతులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ చప్పుడుకు అందరి తలలూ పైకి లేస్తాయి, కెమెరాలన్నీ ఆకాశానికి తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే కిందికి చూడాలి. లేవలేక మిగిలిపోయిన బాతులు నీటి మీద ఎన్ని ఉన్నాయి, ఏది రెక్క జారవేసింది, ఏది మెడ నిలపలేకపోతోంది, గద్ద వెతుకుతున్నది దాని కోసమే. మందను లేపడమే దాని పరీక్ష. చాలాసార్లు అది దేన్నీ తాకకుండా వెళ్లి మళ్లీ కొమ్మెక్కుతుంది, చూసేవాళ్లు గురి తప్పిందనుకుంటారు. బలహీనమైనది దొరకలేదు కాబట్టి అది దిగలేదు, అంతే. ఆరోగ్యంగా ఉన్న బాతును గాల్లో తరమడం దానికి గిట్టుబాటు కాదు.

ఆ బలహీనమైన బాతులు ఎక్కడి నుంచి వస్తాయంటే, కొన్ని వేటగాళ్ల గుళ్ల దెబ్బ తగిలి కూడా ఇక్కడి దాకా ఎగిరొచ్చినవి. కొన్ని కలరా సోకినవి. పక్షుల్లో వచ్చే ఈ కలరా పాస్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా వల్ల వస్తుంది, మనుషుల కలరాతో సంబంధం లేదు. నీరు కుదించుకుపోయి పక్షులు ఒత్తుగా చేరినప్పుడు వేగంగా పాకుతుంది. సోకిన బాతు గంటల్లోనే పోవచ్చు. 2022 నుంచి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ కూడా తోడైంది, దాని బారిన పడిన బాతుల్ని తిని గద్దలూ చచ్చాయి.

ఒక స్నో గూస్ బరువు రెండు కిలోల పైనే ఉంటుంది, మూడు దాకా వెళ్తుంది. గద్ద బరువు మూడు నుంచి ఆరు కిలోలున్నా అది మోసుకుని ఎగరగలిగేది మహా అయితే రెండు కిలోలు. అందుకే బాతును చెట్టు మీదికి తీసుకెళ్లలేదు, పడ్డచోటే మంచు మీద తినాలి. మనకు కలిసొచ్చేది ఇదే. చేపలు దొరికే రోజుల్లో గద్ద భోజనం ఏ చెట్టు చాటునో జరుగుతుంది. మంచు రోజుల్లో అదే భోజనం ఆరుబయట, తెల్లటి నేల మీద, అందరి ముందూ జరుగుతుంది.

ఇక్కడ వరస పెళ్లి భోజనాల బంతుల్లాగే నడుస్తుంది. మొదటి బంతి గద్దది. ముందు రొమ్ము భాగం ఈకలు పీకుతుంది, చుట్టూ గుండ్రంగా తెల్ల ఈకలు పరుచుకుంటాయి. చర్మం చీల్చి రొమ్ము కండ తింటుంది, అన్నిటికంటే ఎక్కువ మాంసం ఉన్న చోటు అదే. కాకులు అప్పటికే మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉంటాయి. గట్టిపడిన చర్మాన్ని కాకి ముక్కు సులభంగా చీల్చలేదు, కళ్లను పొడవడం కంటే ఎక్కువ సాగదు. గద్ద తెరిచిపెడితేనే వాటికి విందు. ఒక కాకి తోక వైపు నుంచి లాగుతుంది, గద్ద అటు తిరగగానే ఇంకోటి ముందు నుంచి ముక్క ఎత్తుకుపోతుంది. ఈ జంట నాటకం తప్పక చూడండి, కాకి ఎంత ఓపికగా ఒకే ఎత్తును పదేపదే వేస్తుందో తెలుస్తుంది.

ఇంతలో రెండో గద్ద దిగుతుంది. చాలామంది ఇక్కడ పొరపడేది వయసు దగ్గర. తెల్ల తల, తెల్ల తోక ఐదో సంవత్సరానికి గానీ పూర్తిగా రావు. అంతకుముందు ముదురు గోధుమ రంగులో, పొట్ట మీదా రెక్కల కిందా తెల్ల మచ్చలతో ఉంటుంది. వీటిని చూసి గోల్డెన్ ఈగల్ అనే వేరే జాతి గద్ద అని రాసుకునేవాళ్లు కోకొల్లలు. తేడా కావాలంటే కాళ్లు చూడండి. గోల్డెన్ ఈగల్‌కు ఈకలు వేళ్ల మొదళ్ల దాకా ఉంటాయి, బాల్డ్ ఈగల్‌కు కాలి కింది భాగం పచ్చగా బోడిగా ఉంటుంది. మెడ వెనక బంగారు ఛాయ ఉందో లేదో కూడా చూడాలి. కొత్తగా దిగిన గద్ద మంచు మీద నడుచుకుంటూ వస్తుంది, తల వంచి, రెక్కలు కొంచెం ఎత్తి. తింటున్నది సగం కడుపు నిండినదైతే అరిచి తప్పుకుంటుంది. ఆకలి మీదుంటే కాళ్లు ముందుకు చాపి ఎగిరి తన్నుకుంటాయి. పెద్దదీ, ఎక్కువ ఆకలి మీదున్నదీ ఎక్కువసార్లు గెలుస్తుంది. ఆడ గద్ద మగదాని కంటే పెద్దది, అది గుర్తుంచుకుంటే ఎవరు వెనక్కి తగ్గుతారో ముందే ఊహించవచ్చు. దోచుకోవడం వేటాడటం కంటే చౌక. పక్కనే ఇంకో చచ్చిన బాతు ముట్టకుండా పడి ఉన్నా, తెరిచి ఉన్నదాని కోసమే కొట్లాట జరుగుతుంది. చర్మం చీల్చే శ్రమ ఇంకొకరు పడ్డారు కదా.

గల్ పక్షులు పగటిపూట మధ్యలో వస్తాయి, మిగిలిన పేగుల కోసం. కాయోటీ పొద్దువాలాక గానీ తెల్లవారక ముందు గానీ మంచు మీదికి దిగుతుంది, మధ్యాహ్నం దాన్ని చూస్తే అదృష్టం. కాయోటీ వచ్చి వెళ్లిన మర్నాడు ఆ చోటు చూసి ఎవరు తిన్నారో చెప్పేయవచ్చు. గద్ద పీకిన ఈకలకు కాడ మొదలు దాకా చెక్కుచెదరకుండా ఉంటుంది, రొమ్ము ఎముక అలాగే ఉంటుంది, రెండు రెక్కలూ దానికి అతుక్కునే ఉంటాయి. కాయోటీ కొరికిన ఈకల కాడలు మధ్యలో తెగి, ఒకదానికొకటి ఎంగిలితో అంటుకుని ఉంటాయి. ఎముకలు నలిగిపోతాయి, రెక్కో తలో మాయమవుతుంది, అప్పుడప్పుడు మొత్తం బాతే గట్టు మీది గడ్డిలోకి వెళ్లిపోతుంది.

చలి ఈ బంతుల్ని పాడుచేస్తుంది కూడా. నీటి అంచున చచ్చిన బాతు రాత్రికి రాత్రే మంచులో సగం ఇరుక్కుపోతుంది. పై సగం తిన్నాక కింది సగం ఎవరికీ అందదు. −10 డిగ్రీల్లో రాత్రంతా పడి ఉన్న బాతు కొయ్యలా బిగుసుకుంటుంది, ఎండ తగిలి పైన కొంచెం మెత్తబడేదాకా గద్ద కూడా పొడిచి పొడిచి వదిలేస్తుంది. అందుకే ఎండ ఉన్న రోజు పది గంటల తర్వాత అకస్మాత్తుగా రద్దీ పెరుగుతుంది. పొద్దున్నే ఏమీ జరగలేదని వెళ్లిపోకండి.

ఇక సామాను సంగతి. 8x42 బైనాక్యులర్ చాలు, వెతకడానికి అదే మేలు. ఒకచోట స్థిరపడ్డాక 20 నుంచి 60 రెట్లు చూపే స్పాటింగ్ స్కోపు ఉంటే గద్ద కంటి రంగు దాకా తెలుస్తుంది, కానీ 40 రెట్లు దాటితే మంచు మీద గాలి అలలాడి బొమ్మ కరిగిపోతుంది. ఆ అలలాట సగం మన కారులోంచే వస్తుంది. హీటరు వేసుకుని, కిటికీ దింపి చూస్తే లోపలి వేడి గాలి లెన్సు ముందు నుంచే బయటికి పోతుంది. హీటరు కట్టేసి, ఇంజను ఆపి, కిటికీ దింపి పది నిమిషాలు ఆగండి. ఇంజను ఆపితే వణుకు కూడా పోతుంది. స్కోపుకో లెన్సుకో ఆనింపుగా కిలో బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచి కిటికీ అంచు మీద పెట్టుకుంటే చాలు, ఖరీదైన బిగింపులు అక్కర్లేదు. కెమెరా బ్యాటరీ చలికి త్వరగా చేతులెత్తేస్తుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచాలి. ఇంటికి చేరాక కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకి తేకండి. బయటే జిప్ సంచిలో మూసేసి తెస్తే తడి సంచి మీద పడుతుంది, లెన్సు లోపల పట్టదు. కాటన్ మేజోళ్లు చెమట పీల్చి పాదాలను చల్లబరుస్తాయి, ఉన్నివి వేసుకోండి. రెండు జతలు కుక్కి బూటు బిగిస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

ఉదయం సూర్యుడు వెనక ఉండేలా, అంటే చెరువుకు తూర్పు గట్టు మీద ఆగడం మంచిది. ఎదురెండలో తెల్ల మంచు మీద తెల్ల తల కనబడదు. మడుగుల్లో మస్క్‌రాట్లు అనే నీటి ఎలుకలు తుంగతో కట్టుకున్న గూళ్లు కుప్పల్లా పొడుచుకుని ఉంటాయి, గద్దలకు అవే పీటలు. నల్లటి కుప్ప మీద ఇంకో చిన్న నల్ల కుప్ప కనిపిస్తే స్కోపు తిప్పండి, పిల్ల గద్ద అయ్యుంటుంది.

మంచు మీద కాలు పెట్టకండి. మనిషి బరువుకు కనీసం 4 అంగుళాల గట్టి, పారదర్శకమైన మంచు కావాలని చెబుతారు. తెల్లటి మంచుకు దాని సగం బలమే ఉంటుంది. బాతులు తెరిచి ఉంచిన గుండ్రం చుట్టూ మంచు మోసం చేస్తుంది, నిన్న నీరున్న చోట ఇవాళ పల్చటి పొరే ఉంటుంది. కాయోటీ నడిచింది కదా అనుకోవద్దు, దాని బరువు పదిహేను కిలోలు.

కారు దిగడం గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. గద్దలకు ఆగి ఉన్న కారంటే అంత భయం లేదు, నిలబడ్డ మనిషంటే ఉంది. 1970ల్లో వాషింగ్టన్ రాష్ట్రపు నూక్సాక్ నది దగ్గర జరిగిన పరిశోధనలో తేలిందేమిటంటే, కొమ్మ మీదున్న గద్ద కంటే నేల మీద తింటున్న గద్ద త్వరగా లేచిపోతుంది, పిల్ల గద్దల కంటే ఈడొచ్చినవి ఎక్కువ దూరం నుంచే లేస్తాయి. అంటే మనం ఏ దృశ్యం కోసం వెళ్లామో దాన్నే అందరికంటే ముందు చెడగొడతాం. లేచిపోయిన గద్ద ఎగరడానికి ఖర్చుపెట్టింది ఒక ఎత్తు, తెరిచిపెట్టిన మాంసం పోగొట్టుకున్నది ఇంకో ఎత్తు. ఒక ఫొటో కోసం తలుపు తీసే హక్కు మనకు లేదని నేను నమ్ముతాను. పిల్లలు ఒడ్డున పడ్డ ఈకలు ఏరుకుంటే అక్కడే వదిలేయించండి. వలస పక్షుల చట్టం 1918 నాటిది, గద్దల రక్షణ చట్టం 1940 నాటిది. గద్ద ఈకను ఇంటికి తెచ్చుకోవడం కూడా నేరమే. బర్డ్ ఫ్లూ రోజుల్లో చచ్చిన పక్షిని ముట్టకపోవడం ఎలాగూ మంచిది.

ఇంత చెప్పాక కూడా కొందరికి చచ్చినదాన్ని తినే గద్ద అంటే చిన్నచూపు పోదు. అమెరికా చట్టరీత్యా 2024 డిసెంబరులో జాతీయ పక్షిగా ప్రకటించుకున్న పక్షి మంచు మీద పేగులు లాక్కుంటుంటే వాళ్లకు నచ్చదు. నాకైతే దాని గొప్ప అక్కడే కనబడుతుంది. ఉత్తర మిస్సోరీలో చలికాలం టర్కీ వల్చర్ ఉండదు, శరదృతువులోనే దక్షిణానికి పోతుంది. ఆ రాబందు ఖాళీ చేసిన పనిని గద్ద ఎత్తుకుంటుంది. చేప దొరికితే వేటగాడు, దొరకకపోతే రాబందు, పక్కవాడిది దొరికితే దొంగ, ఒకే పక్షి ఒకే ఉదయం మూడూ చేస్తుంది. 1963లో అలాస్కా, హవాయిలను మినహాయించి మిగతా రాష్ట్రాల్లో వీటి జంటలు 417 మాత్రమే మిగిలాయి. 1972లో డీడీటీ అనే పురుగుమందును నిషేధించాక కోలుకుని, 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం 71 వేల జంటలు దాటాయి. ఏది దొరికితే అది తినే ఈ గుణం ఆ కోలుకోవడానికి తోడ్పడిందని నా నమ్మకం.

అదే గుణం వాటికి విషం కూడా పెడుతోంది. బాతుల వేటలో సీసపు గుళ్లను 1991 నుంచి దేశమంతా నిషేధించారు. జింకల వేటలో మాత్రం సీసపు తూటాలు చాలా చోట్ల ఇంకా నడుస్తున్నాయి. తూటా ఎముకకు తగిలి వందల తునకలవుతుంది. వేటగాడు అడవిలోనే వదిలేసిన పేగుల్లో ఆ తునకలుంటాయి. మిస్సోరీలో జింకల వేట ముఖ్య కాలం నవంబరు, గద్దలు దిగేది ఆ వెంటనే. 38 రాష్ట్రాల్లో 1,210 గద్దల్ని పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం వాటి ఎముకల్లో దీర్ఘకాలంగా చేరిన సీసం కనబడింది. మన దగ్గర రాబందులకు జరిగింది గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువుల కళేబరాలు తిని అవి దేశమంతటా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు ఆపాకే పతనం నెమ్మదించింది. తెలంగాణలోని బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద కొన్నేళ్ల కిందట పొడుగు ముక్కు రాబందులు కనిపించాయంటే చుట్టుపక్కల శుభ్రమైన తిండి వాటికి ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవచ్చు. అమెరికాలో జింకల వేటకు వెళ్లే మన కుర్రాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. వాళ్లకు నేను చేసే వినతి ఇది: రాగి తూటాలు వాడండి, అవి తునకలు కావు. సీసం తూటాయే వాడితే పేగుల్ని పూడ్చిపెట్టండి, లేదా సంచిలో కట్టి తీసుకెళ్లండి.

చెరువు దగ్గర నేల మీద కూర్చుని, తల వాలిపోయి, కాలి వేళ్లు ముడుచుకుని, మనిషి దగ్గరికొచ్చినా ఎగరలేని గద్ద కనిపిస్తే అది సీసం సోకిందే కావచ్చు. పట్టుకోబోకండి, దాని గోళ్లు కోటు దాటి కండలోకి దిగుతాయి. కారులోంచి ఫొటో తీసి, ఫోను మ్యాపులో ఆ చోటు గుర్తు పెట్టి, ఆశ్రయం కార్యాలయానికో మిస్సోరీ కన్జర్వేషన్ శాఖకో వెంటనే చెప్పండి. వాళ్లొచ్చేదాకా చుట్టూ ఇంకే కారూ గుమికూడకుండా చూడండి.